త్రిశంకుణ్ని చూడ్డానికి అంతర్వేది బీచా, మారేడుమిల్లి కొండా? శివరాత్రి ప్లాన్, తేల్చి చెప్పండి

రాజోలు_డాబా

అందరికీ నమస్కారమండి. విషయం ఏంటంటే ఈసారి శివరాత్రి ఫిబ్రవరి 15, ఆదివారం పడింది. ఎలాగూ జాగారమే, పైగా చతుర్దశి కాబట్టి చంద్రుడు తెల్లారగట్ల 5 అయితేగానీ లేవడు, అందుకని నేనూ మా బావమరిదీ ఆ రాత్రంతా దక్షిణాకాశం చూద్దామని డిసైడయ్యాం. అగస్త్య నక్షత్రం, త్రిశంకుడు (అదే సదరన్ క్రాస్, శిలువలా ఉండే నాలుగు చుక్కలు), వీలైతే ఒమేగా సెంటారీ అనే చుక్కల గుంపు. మా దగ్గరున్నవి 10×50 బైనాక్యులర్స్ ఒకటి, సెకండ్ హ్యాండ్‌లో కొన్న 6 అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోప్ ఒకటి.

మా డాబా మీంచి కుదరదండి, దక్షిణం అంతా కొబ్బరితోటే. లెక్క కూడా వేశాను, 60 అడుగుల చెట్టు 200 అడుగుల దూరంలో ఉంటే అదొక్కటే 17 డిగ్రీల ఆకాశాన్ని మింగేస్తుంది, త్రిశంకుడిలో అన్నిటికన్నా పైన ఉండే చుక్క మన కోనసీమ నుంచి ఎక్కేదే పదహారున్నర డిగ్రీలు. అంటే మొత్తం మండలం మా పక్కింటోళ్ళ చెట్ల వెనకే లేచి చెట్ల వెనకే పడిపోద్ది. ఇన్నేళ్ళూ ఇక్కడే పుట్టి పెరిగి దాన్ని చూడకపోడానికి కారణం ఇదీ.

నేను అంతర్వేది అంటున్నా, ముప్పావుగంట ప్రయాణం. బావమరిదేమో మారేడుమిల్లి అంటాడు, కొండ మీద గాలి శుభ్రంగా ఉంటుందని. నాలుగు గంటల పైనే కారు. మీరేమంటారు?

కొండగాలి

దీన్లో ఆలోచించేదేముంది గురూ, కొండే. మాది రంపచోడవరం సైడు, సొంతూరని చెప్పట్లేదు. నేను ఒకసారి ఓడలరేవులో పడుకుని చూశా, ఒకసారి మారేడుమిల్లి దగ్గరి గుడిసె అనే కొండ మీద చూశా, రెండింటికీ పోలికే లేదు. బీచ్‌లో నెత్తి మీద చుక్కలు బానే ఉంటాయి గానీ కిందకి వచ్చేకొద్దీ పాలల్లో నీళ్ళు పోసినట్టు అయిపోద్ది, దిగంతం నుంచి ఒక బెత్తెడు పైదాకా ఏమీ ఉండదు. నువ్వు చూడాలనుకునేవన్నీ ఆ బెత్తెడులోనే ఉన్నాయి మరి. కొండ మీద ఆ మసక నీ కాళ్ళ కింద ఉంటుంది.

ఒక్క మాట, రాత్రి పూట అడవిలో ఉండనిస్తారో లేదో ముందే కనుక్కుని వెళ్ళు, అక్కడికొచ్చాక నా మీద అరవొద్దు.

అన్నాచెల్లెళ్ళ_గట్టు

ఆయ్, వచ్చేశారండీ కొండ బ్యాచ్.

మాది అంతర్వేది పక్కనే, మా తాత నలభై ఏళ్ళు వేటకెళ్ళాడు. సముద్రం మీద దక్షిణాన ఏముంటాయండీ? ఏమీ ఉండవు. ఊరు లేదు, వీధిలైటు లేదు, రొయ్యల చెరువు లేదు. మన తీరం ఇక్కడ తూర్పుకి కాదు, దాదాపు దక్షిణానికే తిరిగి ఉంటది, మ్యాప్ తీసి చూడండి, వైజాగ్ బీచ్‌లో నిలబడితే సముద్రం మీద సూర్యోదయం కనబడుద్ది గానీ ఇక్కడ నిలబడితే మీ ఎదురుగా ఉండేది నేరుగా దక్షిణం. చెట్టు అడ్డం లేదు, డాబా అడ్డం లేదు, నీళ్ళ అంచు దాకా ఆకాశమే. కొండ మీద ఎదురుగా ఇంకో కొండ ఉంటే ఏం చేస్తారు, దాన్ని జరపమంటారా?

పాలకొల్లు_మాస్టారు

ఇద్దరూ కాసేపు ఆగండి, అంకెలు పెట్టి మాట్లాడుకుందాం.

అంతర్వేది 16.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం, మారేడుమిల్లి సుమారు 17.6. ఒక చుక్క దక్షిణాన ఎంత ఎత్తుకి వస్తుందో తెలియాలంటే 90లోంచి మన అక్షాంశం తీసెయ్యాలి, దాని దక్షిణ క్రాంతి (ఆకాశంలో చుక్కకుండే అక్షాంశం లాంటిది) తీసెయ్యాలి, అంతే. త్రిశంకుడి అడుగు చుక్క ఆక్రక్స్ క్రాంతి మైనస్ 63.1. కాబట్టి బీచ్‌లో దాని గరిష్ఠ ఎత్తు పదిన్నర డిగ్రీలు, కొండ మీద 9.3. చెయ్యి చాచి పిడికిలి పట్టుకుంటే పది డిగ్రీలు, అంటే దిగంతం మీద ఒక్క పిడికిలి. బీచ్‌కి లాభం డిగ్రీ పైచిలుకు మాత్రమే, కొబ్బరాకంత.

ఇప్పుడు రెండోది. నెత్తి మీద చుక్క వెలుగు దాటే గాలిని ఒక వంతు అనుకుంటే పదిన్నర డిగ్రీల దగ్గర అయిదు వంతులు పైనే దాటాలి, 9.3 దగ్గర ఆరు. ఒక్కో వంతుకీ ఎంత వెలుగు పోతుందన్నది ఆ చోటి గాలిని బట్టి ఉంటుంది. సముద్రమట్టంలో తేమ, ఉప్పు తుంపర, పొగ అన్నీ కలిసి 0.4 మాగ్నిట్యూడ్ (చుక్క వెలుగు కొలత, అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు) అనుకుందాం, కొండ మీద 0.25 అనుకుందాం. బీచ్‌లో ఆక్రక్స్ 2.1 నష్టపోతుంది, కొండ మీద 1.5. దాని అసలు వెలుగు 0.8. అంటే బీచ్‌లో మూడో తరగతి చుక్కలా, కొండ మీద 2.3లా కనబడుతుంది. ఎక్కువ గాలి దాటినా కొండే గెలిచింది.

పక్షపాతం లేదు, నాది పాలకొల్లు, నాకైతే అంతర్వేదే దగ్గర. దగ్గరంటే పగలు నరసాపురంలో పంటు ఎక్కితే దగ్గర, రాత్రయితే చించినాడ బ్రిడ్జి మీంచి చుట్టు తిరిగి రావాలి.

అన్నాచెల్లెళ్ళ_గట్టు

మాస్టారూ మీ మీద గౌరవం ఉందండి, కానీ 0.4 ఎవరిచ్చారు, 0.25 ఎవరిచ్చారు? మీరే "అనుకుందాం" అన్నారు. అనుకున్న అంకెల్తో కొండ గెలిచిందంటే ఎలాగండీ, నేను 0.3 అనుకుంటాను, అప్పుడు 1.6, మీ కొండకీ నా బీచ్‌కీ తేడా ఎక్కడుంది?

ఇంకోటి, మీరిద్దరూ మర్చిపోయింది. మారేడుమిల్లికి సరిగ్గా దక్షిణాన ఏముందో చెప్పండి. రాజమండ్రి! దాని కింద రావులపాలెం, తణుకు, భీమవరం, మొత్తం డెల్టా, ఇప్పుడు రోడ్డు పొడుగునా స్తంభానికో తెల్ల ఎల్‌ఈడీ, చెరువు గట్టుకో ఫ్లడ్ లైటు. కొండెక్కి దక్షిణం వైపు తిరిగితే మీరు చూసేది అదంతా కలిసిన గ్లో మీంచి. మసక కాళ్ళ కింద ఉంటది అన్నావు కదా కొండగాలి బ్రో, ఆ మసకకి కింద నుంచి లైటేసి మరీ చూపిస్తోంది రాజమండ్రి. మాకా గోల లేదు, లైట్లన్నీ మా వీపు వెనక.

కొండగాలి

రాజమండ్రి అరవై కిలోమీటర్ల పైన ఉంది అన్నా, మరీ అంత సీన్ లేదు.

పాలకొల్లు_మాస్టారు

లేదు లేదు, ఆయన పాయింటు గట్టిదే. నా లెక్కలో వెలుగు నష్టం ఒక్కటే వేశాను, వెనకున్న ఆకాశం ఎంత తెల్లబడిందో వెయ్యలేదు. ఊళ్ళ గ్లో నెత్తి మీదకి రాకపోయినా ఆ దిక్కున దిగంతం మీద మాత్రం పది డిగ్రీల దాకా పట్టేస్తుంది. మనకి కావాల్సింది ఆ పది డిగ్రీలే. అంకెలు నేను ఊహించినవేనని ఒప్పుకుంటున్నాను, 0.4 అన్నది మన వాతావరణానికి అన్యాయమేమీ కాదని మాత్రం అంటాను. దాళ్వా కోతలయ్యాక గడ్డి తగలబెట్టే రోజుల్లో అయితే ఇంకా ఎక్కువే. ఫిబ్రవరి మధ్యలో ఆ పొగ ఉండదు, అది మీ అదృష్టం.

నరసాపురం_నైట్స్

ఇంత లెక్కలు ఎందుకండీ, నేను పోయిన శివరాత్రికి పేరుపాలెం బీచ్‌లో చూశా. రాత్రి 11కి. దక్షిణాన బ్రహ్మాండంగా పెద్ద క్రాస్, నాలుగు చుక్కలూ క్లియర్, ఫోన్‌తో ఫోటో కూడా తీశా. మసకా లేదు ఏమీ లేదు. బీచే బెస్ట్.

పాలకొల్లు_మాస్టారు

రాత్రి 11కా? శివరాత్రికా?

బాబూ, ఏమీ అనుకోకు, నువ్వు చూసింది త్రిశంకుణ్ని కాదు.

నరసాపురం_నైట్స్

అదేంటండి, కళ్ళతో చూశానంటుంటే. క్రాస్ షేప్‌లో నాలుగు చుక్కలు, సరిగ్గా దక్షిణాన. ఇంకేముంటుంది అక్కడ?

పాలకొల్లు_మాస్టారు

ఇంకోటి ఉంది, దాని పేరే ఫాల్స్ క్రాస్, దొంగ త్రిశంకుడు అనుకో. రెండు చుక్కలు కరైనా మండలంలోవి, రెండు వీలాలోవి. అసలు దానికన్నా పెద్దది, వెలుగు కాస్త తక్కువ, దాదాపు అదే క్రాంతిలో ఉంటుంది కాబట్టి అదే ఎత్తుకి వస్తుంది, కాకపోతే మూడున్నర గంటలు ముందొస్తుంది. శివరాత్రి రోజుల్లో అది నిటారుగా దక్షిణానికి వచ్చే టైము రాత్రి పది, పదకొండు. అసలు త్రిశంకుడు ఆ టైముకి తూర్పు దక్షిణం మూల అప్పుడప్పుడే నీళ్ళలోంచి బయటికొస్తుంటాడు. ఈ ఫిబ్రవరి 15 రాత్రి వాడు నిటారుగా నిలబడేది 2 గంటల 45 నిమిషాలకి. మనం భారత కాలమాన రేఖకి, అదే 82.5 డిగ్రీల రేఖకి, పక్కనే ఉన్నాం కాబట్టి గడియారం టైమూ ఆకాశం టైమూ మూడు నాలుగు నిమిషాల తేడాతో ఒకటే, ఇది మన డెల్టా వాళ్ళకి ఉన్న సుఖం.

గుర్తు పట్టడానికి ఇంకో ఉపాయం. అసలు వాడికి ఎడమ పక్కన రెండు పెద్ద చుక్కలు వేలు పెట్టి చూపిస్తున్నట్టు ఉంటాయి, ఆల్ఫా సెంటారీ, బీటా సెంటారీ. పై చుక్క గాక్రక్స్ ఎర్రగా ఉంటుంది. నలుగురి మధ్యలో కుడి పక్కకి అయిదో చిన్న చుక్క ఒకటుంటుంది. నీ ఫోటోలో ఇవేమైనా ఉన్నాయా?

నరసాపురం_నైట్స్

ఫోటోలో లేవు.

అంటే నేను ఏడాది నుంచీ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చూపిస్తున్నది దొంగదా 😑 మా మావయ్యకి ఫ్రేమ్ కట్టించి కూడా ఇచ్చా.

అన్నాచెల్లెళ్ళ_గట్టు

😂😂 ఫ్రేమ్ ఉంచండి పర్లేదు, కింద పేరు మార్చండి. జాగారం పూర్తిగా చెయ్యకుండా 11కే ఇంటికెళ్ళి పడుకుంటే ఇలాగే ఉంటది, శివుడు మాత్రం ఊరుకుంటాడా.

కువైట్_రాజోలు

నాదీ రాజోలేనండి, ఇక్కడ డ్రైవర్‌గా చేస్తున్నా. మీరు పదిన్నర డిగ్రీలా తొమ్మిదా అని కొట్టుకుంటుంటే నవ్వొస్తోంది, ఇక్కడ 29 డిగ్రీల అక్షాంశం, ఆక్రక్స్ అసలు లేవనే లేవదు, గాక్రక్స్ లేచినా మూడున్నర డిగ్రీలు, అదీ ఇసక దుమ్ములో. మీకు 21 డిగ్రీల ఎత్తున వెలిగే అగస్త్యుడు మాకు ఎనిమిది డిగ్రీలు. అయినా ఈ అరబ్బులకి ఆ చుక్కంటే ఎంత ప్రాణమో, సుహైల్ అంటారు, ఆగస్టు చివర్లో తెల్లారుజామున అది మొదటిసారి కనబడితే ఎండలు తగ్గుముఖం పడతాయని లెక్క, మా సేఠ్ వాళ్ళ నాన్నయితే పెద్ద పండగలా చెప్తాడు. మనకీ అగస్త్యోదయం అని పంచాంగంలో ఉంటది కదా, నేను ఊళ్ళో ఉండగా ఒక్కసారి తలెత్తి చూడలేదు. ఇక్కడికొచ్చాక తెలిసింది అదీ ఇదీ ఒకటేనని.

డాబా గారూ, అంతర్వేది వెళ్ళండి. ఫోటో పెట్టండి. కొండ ఫోటో వద్దు నాకు.

బైనాక్యులర్_బాబాయ్

ఎవరూ అసలు సంగతి మాట్లాట్లేదు. ఉప్పు గాలి. డాబ్సోనియన్ అంటే గొట్టం మూతి తెరిచే ఉంటుంది, అద్దం మీద అల్యూమినియం పూత, దాన్ని రాత్రంతా సముద్రం ఒడ్డున ఆరేస్తారా? నేను కాకినాడలో ఉండగా ఉప్పాడ రోడ్డులో రెండు సీజన్లు చూశా, మూడో ఏడు అద్దం మీద మచ్చలు. బైనాక్యులర్స్‌లో ఫంగస్ వేరే, సాలెగూడు పట్టినట్టు, మన వాన తేమకి బీరువాలో పెట్టినా వస్తుంది, ఇక సముద్రం తేమకి చెప్పాలా. తెచ్చాక వెంటనే మూత పెట్టొద్దు, ముందు ఆరనివ్వండి, తర్వాత గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్లు వేసి పెట్టండి. అద్దాన్ని మాత్రం చొక్కా అంచుతో తుడవొద్దు, మీకు పుణ్యముంటుంది.

కాబట్టి నా ఓటు: బీచ్‌కి బైనాక్యులర్స్, కొండకి టెలిస్కోప్.

కొండగాలి

బాబాయ్ 👏 ఒక్కరన్నా న్యాయం మాట్లాడారు.

అన్నాచెల్లెళ్ళ_గట్టు

బాబాయ్ గారూ, నీళ్ళ అంచున పెడితే మీరన్నదే నిజం. రెండొందల గజాలు వెనక్కి, సరుగుడు తోటకి ముందు ఇసక దిబ్బ మీద పెట్టుకోమనండి, తుంపర అక్కడిదాకా రాదు, దక్షిణం అంతే ఖాళీగా ఉంటుంది. లైట్‌హౌస్ దీపం మాత్రం చూసుకోండి, అది మీ వీపు వైపు ఉండేలా కూచోవాలి, లేకపోతే తిరిగినప్పుడల్లా కళ్ళలో కొట్టుద్ది. గుడి దగ్గర కూడా వద్దు, మైకు, లైట్లు.

విజయవాడ_బైరాగి

మీ ఉత్సాహం మీద నీళ్ళు పోస్తున్నా అనుకోకండి. అసలు ఈ చర్చే దండగ. దక్షిణాకాశం కావాలంటే దక్షిణానికి పోవాలి. కన్యాకుమారి 8 డిగ్రీలు, అక్కడ ఆక్రక్స్ దాదాపు 19 డిగ్రీలు ఎక్కుతుంది. శని, ఆదివారాలు కలుపుకుని ఒక రైలు టికెట్. ప్రభుత్వం వాళ్ళు తెలివి తక్కువోళ్ళా, వైను బప్పు అబ్జర్వేటరీని తమిళనాడులో కావలూరులో, పన్నెండున్నర డిగ్రీల దగ్గర, కొండల్లో పెట్టారు, దక్షిణాకాశం బాగా అందుతుందనేగా. లదాఖ్‌లో హాన్లే ఆకాశం ఎంత గొప్పదైనా అక్కణ్ణుంచి త్రిశంకుడి అడుగు చుక్క లేవదు. పదహారు డిగ్రీల్లో కూచుని బీచా కొండా అని కొట్టుకోడం, చెరువులో తిమింగలం కోసం గాలం వెయ్యడం.

పాలకొల్లు_మాస్టారు

బైరాగి గారూ, కావలూరు ఉదాహరణ మీరే ఇచ్చారు, అది సముద్రమట్టానికి 700 మీటర్ల పైన కొండల్లో ఉంది కాబట్టి కొండ బ్యాచ్‌కి పనికొస్తుంది. బీచ్ బ్యాచ్ తరఫున నేనొకటి ఇస్తా. ఆల్ఫా సెంటారీ ఒక చుక్క కాదు, రెండు చుక్కల జంట అని మొదట కనిపెట్టింది ఎక్కడో తెలుసా? పుదుచ్చేరిలో, 1689లో, రిషో అనే ఫ్రెంచి ఫాదరీ, తోకచుక్కని చూస్తూ చూస్తూ టెలిస్కోప్ పక్కకి తిప్పితే రెండు కనబడ్డాయి. కొండ లేదు ఏమీ లేదు, సముద్రం ఒడ్డు ఊరు. ఆ పుదుచ్చేరిలో భాగమైన యానాం మన గోదారి ఒడ్డునే ఉంది కాబట్టి ఆ పేరులో మనకీ కాస్త వాటా ఉందనుకోండి 🙂

అయినా "ఎక్కడ బాగా కనబడుతుంది" అన్నది ఒక ప్రశ్న, "మా ఊరి నుంచి ఏం కనబడుతుంది" అన్నది ఇంకో ప్రశ్న. రాజోలు ఆయన అడిగింది రెండోది. రెండు వేల ఏళ్ళ కిందట అయితే మన తాతముత్తాతలకి త్రిశంకుడు ఇప్పటికన్నా పది డిగ్రీలు పైన కనబడేవాడు, భూమి అక్షం బొంగరంలా 26,000 ఏళ్ళకోసారి తూలి తిరగడం వల్ల ఇప్పుడు ఇంత కిందకి జారాడు. విశ్వామిత్రుడు మధ్యలో నిలబెట్టాడంటారు గానీ పాపం ఇంకా జారుతూనే ఉన్నాడు.

రాజోలు_డాబా

అందరికీ థాంక్సండి. ఇంకో ప్రశ్న, పెద్ద మెజిల్లానిక్ మేఘం (అదే మన పక్క గెలాక్సీ) మన దగ్గర లేస్తుంది కదా, బీచ్ నుంచి ట్రై చెయ్యొచ్చా? అదొక్కటి కనబడితే జన్మ ధన్యం.

పాలకొల్లు_మాస్టారు

లేస్తుంది, కనబడదు. గరిష్ఠ ఎత్తు నాలుగు డిగ్రీల లోపే, పన్నెండు వంతుల పైన గాలి దాటాలి, అసలే పలచగా పరుచుకున్న వెలుగు. దానికి మాత్రం బైరాగి గారి రైలు టికెట్టే, అదీ చాలదు. దాని బదులు ఒమేగా సెంటారీ పెట్టుకో. 26 డిగ్రీలు ఎక్కుతుంది, నీ డాబా మీంచి కొబ్బరాకుల సందులో కూడా దొరుకుతుంది. కోటి చుక్కల బంతి, సుమారు 17 వేల కాంతి సంవత్సరాల దూరం. ఆ రాత్రి మూడూ నలభై అయిదుకి నిటారుగా దక్షిణాన ఉంటుంది. ఈ గోలలో పడి దాన్ని వదిలేస్తారేమోనని నా భయం.

రాజోలు_డాబా

(ఫిబ్రవరి 17)

వెళ్ళొచ్చామండి. అంతర్వేదే. ఉన్నది ఉన్నట్టు చెప్తా, బీచ్ వాళ్ళూ కొండ వాళ్ళూ మధ్యలో దూరకండి.

రాత్రి 9కి చేరాం, చిలగడదుంపలు ఉడకబెట్టుకుని ఫ్లాస్కులో టీ పోసుకుని. గట్టు అన్న చెప్పినట్టు సరుగుడు తోట ముందు దిబ్బ మీద సెటప్. అగస్త్యుడు దివ్యంగా ఉన్నాడు, సముద్రం తాగేసినాయన సముద్రం మీదే వెలుగుతుంటే భలే అనిపించింది. కానీ దిగంతం మీద మాత్రం కొండగాలి చెప్పిన పాలనీళ్ళే, ఒక పిడికిలి దాకా ఒక్క చుక్క లేదు. 11కి దొంగ త్రిశంకుణ్ని చూశాం, నరసాపురం గారూ మీ తప్పు కాదండి, ముందే తెలియకపోతే నేనూ ఫ్రేమ్ కట్టించేవాణ్ణే, అంత బాగుంది. 12 దాటాక మంచు దిగింది, గొట్టం తడి, ఐపీస్ తడి, బావమరిది కారెక్కి పడుకున్నాడు, "మారేడుమిల్లి అంటే విన్నావా" అని ఒకటికి పదిసార్లు అని మరీ.

ఒంటిగంటన్నరకి గాలి తిరిగింది. అప్పటిదాకా సముద్రం మీంచి వస్తున్న చెమ్మ గాలి ఆగి వెనక నుంచి, నేల మీంచి, చల్లగా పొడిగా మొదలైంది. పావుగంటలో మసక కిందకి దిగడం కళ్ళారా చూశా, తెర గుంజినట్టు. 2:10కి ఎర్రగా గాక్రక్స్. తర్వాత అటూ ఇటూ రెండు. ఎడమ పక్కన నీళ్ళ మీద కొంచెం పైన ఒక వెలుగు మిణుకు మిణుకుమంటుంటే ఆల్ఫా సెంటారీ అని బావని లేపి మరీ చూపించా, పది నిమిషాలు వాదించుకున్నాం, చివరికి అది కదిలింది, బోటు. అసలు ఆల్ఫా సెంటారీ దానికి పైన ఉంది.

2:45కి ఆక్రక్స్. బైనాక్యులర్స్‌లో పక్కాగా ఉంది, అయిదో చుక్క కూడా దొరికింది. మామూలు కంటికి... నాకు కనబడింది. సూటిగా చూస్తే పోయేది, కొంచెం పక్కకి చూస్తే ఉండేది. ఒమేగా సెంటారీ సంగతి మాస్టారు చెప్పింది నిజం, 6 అంగుళాల్లో ఇసక పోసినట్టు ఉంది, అక్కణ్ణుంచి కదలబుద్ధి కాలేదు, ఆల్ఫా సెంటారీని జంటగా విడదీసి చూద్దామనుకున్నది కూడా మర్చిపోయా.

ఫోటో సరిగ్గా రాలేదు కువైట్ గారూ, సారీ.

కొండగాలి

సూటిగా చూస్తే పోతుంది, పక్కకి చూస్తే ఉంటుంది, అంటే కనబడలేదనే అర్థం తమ్ముడూ. బావకి కనబడిందా?

రాజోలు_డాబా

బావ కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాడు, ఆయన సాక్ష్యం చెల్లదు.

పాలకొల్లు_మాస్టారు

గాలి తిరిగాక అన్న మాట గట్టిగా పట్టుకోవాలి. నేను వేసిన 0.4 సాయంత్రం గాలికి, నీళ్ళ మీంచి వచ్చే దానికి. తెల్లారగట్ల నేల మీంచి సముద్రం వైపు వీచే గాలికి అది ఎక్కువే. చలికాలం చివర్లో త్రిశంకుడు ఎలాగూ తెల్లవారుజామునే వస్తాడు కాబట్టి బీచ్‌కి కలిసొచ్చింది. మే నెలలో వాడు రాత్రి 9కే నిటారుగా వచ్చేస్తాడు, అప్పుడు మాత్రం సముద్రపు గాలి నిండుగా ఉండే టైము, అప్పుడు నా ఓటు కొండకే. నా లెక్క సగం తప్పని రాసుకోండి, పూర్తిగా కాదు.

కొండగాలి

అయితే వైశాఖ అమావాస్య, మే 16, శనివారం. గుడిసె దగ్గర ఉండనిస్తారో లేదో నేను కనుక్కుంటా, కుదరకపోతే మావాళ్ళ పొలం ఉంది కొండ అంచున, దక్షిణం ఖాళీ. గట్టు అన్న అదే రాత్రి అదే టైముకి అంతర్వేదిలో చూడాలి. ఇద్దరం 9 గంటలకి ఆక్రక్స్ మామూలు కంటికి ఉందా లేదా రాస్తాం. పక్కకి చూడ్డాలు లేవు.

అన్నాచెల్లెళ్ళ_గట్టు

ఆయ్, ఒప్పుకున్నా. మబ్బు పడితే?

కొండగాలి

మబ్బు పడితే ఇద్దరికీ పడుద్ది.

నరసాపురం_నైట్స్

నేను గట్టు అన్నతో వస్తానండి, ఈసారి తెల్లారేదాకా ఉంటా. టార్చికి ఎర్ర కాగితం కట్టాలంటున్నారు, పతంగుల కాగితం సరిపోతుందా, రెండు పొరలు వెయ్యాలా?

బైనాక్యులర్_బాబాయ్

రెండు. ఇంకా సిలికా జెల్ మర్చిపోకు.